మండని నూనె

నా చెంపల మీద, చెవుల వెనక గుంటలు చూసి కొత్తవాళ్ళు "చిన్నప్పుడు తల్లి పోసిందా సారూ?" అని అడుగుతుంటారు. మశూచి మచ్చలే అంటే మాట అక్కడితో తెగిపోతుంది కాబట్టి చాలా రోజులు అవుననే చెప్పాను. ఇప్పుడు ఒంట్లో సత్తువ వచ్చింది. అద్దం చూడాలంటే భయం పోయింది. అందుకని జరిగింది జరిగినట్టు రాస్తున్నాను. నాలాగే కరెంటు సామాను విప్పి చూసే పిచ్చి ఉన్నవాళ్ళెవరైనా చదివితే వాళ్ళ ముఖాలైనా బాగుంటాయి.

నేను మిషను బడిలో సైన్సు చెప్తాను. పంజాగుట్టలో ఒక బంగళా వెనక రెండు గదుల ఇంట్లో మేం ముగ్గురం ఉంటాం: నేను, నా భార్య రూతు, ఆమె తల్లి సాలమ్మ. కొందరికి పావురాల పిచ్చి, కొందరికి పేకాట పిచ్చి, నాకు ట్రాన్స్‌ఫార్మర్ల పిచ్చి. ట్రాన్స్‌ఫార్మర్ అంటే కరెంటు ఒత్తిడిని పెంచడానికో తగ్గించడానికో వాడే ఇనుప పెట్టె. లోపల రాగితీగ చుట్టలు నూనెలో మునిగి ఉంటాయి. పాడైపోయినవి తెచ్చి, విప్పి, చుట్టలు మార్చి, ఏదో ఒకనాడు బడి వార్షికోత్సవంలో పిల్లలకు మూరెడు మెరుపు చూపించాలని నా కోరిక. రూతు ఆ పెట్టెలను తన సవతులు అనేది.

రెండో ప్రపంచ యుద్ధం మొదలైన మరుసటి ఏడు వేసవిలో సోమాజిగూడలోని ఒక నవాబుగారి దేవిడీలో పాత ట్రాన్స్‌ఫార్మర్ తీసేసి కొత్తది పెట్టారు. ఆ ఇంటి పిల్లలకు లెక్కలు చెప్పిన చనువుతో పాతది నాకిమ్మని అడిగాను. తీసుకుపొమ్మన్నారు. మా పక్కనే కూరగాయల తోట చేసుకునే మల్లయ్య తన ఎడ్లబండి మీద దాన్ని తెచ్చి మా పెరట్లో నేను పనిచేసుకునే షెడ్డు ముందు దించాడు.

"ఏం పెట్టె సారూ గిది! ఏనుగును మోసుకొచ్చినట్టున్నది," అని చెమట తుడుచుకున్నాడు. "నా పెద్దెద్దు మెడ చూడుండ్రి, కాడి రాసుకొని ఎట్ల పుండైందో."

నేను ఎద్దు వైపు చూడను కూడా లేదు. నా కళ్ళన్నీ పెట్టె మీదే ఉన్నాయి.

మూత విప్పగానే ఘాటైన వాసన కొట్టింది. అంతకుముందు నేను విప్పిన పెట్టెల్లో నూనె కిరసనాయిలు వాసన వేసేది. ఇది వేరు. నీళ్ళలో చుక్క వేస్తే తేలకుండా అడుగుకు పోయింది. వత్తి ముంచి అగ్గిపుల్ల పెడితే అంటుకోలేదు. మూడు పుల్లలు గీశాను, అంటుకోలేదు! ఇళ్ళ లోపల పెట్టే ట్రాన్స్‌ఫార్మర్లలో మంటలు రాకుండా కొన్నిటికి ఇలాంటి నూనె పోస్తారని తర్వాత తెలిసింది. అప్పటికి మాత్రం నాకు నిధి దొరికినట్టే ఉంది. ఇరుగుపొరుగును పోగుచేసి చూపించాను. అది చాలక, చర్చిలో ఆదివారం ఆరాధన అయ్యాక గుడి అరుగు మీద నిలబడి, వత్తి, అగ్గిపెట్టె, సీసా పెట్టుకుని సంఘమంతటికీ చూపించాను. చప్పట్లు కొట్టారు.

మా అత్తమ్మ ఒక్క మాటలో తేల్చేసింది. "మండని నూనె అంటే చలువ నూనె. ఆముదం కన్న చలువ."

మాకు ప్రతి వస్తువూ వేడి చేసేదో చలువ చేసేదో అయి ఉండాలి. మామిడిపండు వేడి, మజ్జిగ చలువ. నిప్పుకే లొంగని నూనె చలువ కాక మరేమవుతుంది? సైన్సు మాస్టరుగా నేను "అది లెక్క కాదు అత్తమ్మా" అనాల్సింది. అనలేదు. ఆ మాట నాకూ నచ్చింది. ఏప్రిల్ ఎండలో, రేకుల షెడ్డులో, మోచేతుల దాకా ఆ నూనెలో ముంచి పనిచేస్తూ, తల వేడెక్కినప్పుడల్లా రెండు వేళ్ళతో కణతలకూ చెంపలకూ చెవుల వెనకా రాసుకునేవాణ్ణి. చల్లగానే ఉండేది. ఒక్క రూతు మాత్రం షెడ్డు గడప దాటేది కాదు.

"ఆ వాసనకు నా కండ్లు మండుతున్నయి. గా నూనె మంచిది కాదు, పారబోయుండ్రి."

"ఇనుము, రాగి, నూనె. ఇందులో దయ్యం ఎక్కడుందే?" అని నవ్వాను. ఆమె దయ్యం అనలేదు, వాసన అంది. ఆ తేడా నాకు ఆర్నెల్లకు గానీ తెలియలేదు.

తొలకరి పడేసరికి ముఖం మీద నల్లటి ముళ్ళలాంటి మొటిమలు లేచాయి. ముందు చెంపల మీద, తర్వాత చెవుల వెనక, మెడ మీద. కొన్ని కురుపులై పగిలేవి. పొద్దున్నే కళ్ళు అంటుకుపోయి, తడిగుడ్డతో తుడిస్తే గానీ తెరుచుకునేవి కావు. వేడి చేసిందన్నారు అందరూ. వేడి చేసిందంటే ఏం చేయాలి? చలువ చేయాలి. ఆ నూనే ఇంకాస్త రాశాను. ఇప్పుడు తలుచుకుంటే నా చెంప నేనే వాయించుకోవాలనిపిస్తుంది.

బడిలో ముందు బెంచీ ఖాళీ అయింది. తర్వాత రెండోది. ఒకరోజు హెడ్మాస్టరు పిలిచి, నా ముఖం వైపు కాకుండా కిటికీ వైపు చూస్తూ, కొన్నాళ్ళు ఇంటిపట్టున ఉండమన్నారు. ఆషాఢానికి కళ్ళు పచ్చబడ్డాయి. అన్నం చూస్తే కడుపులో తిప్పేది. నాలుగడుగులు వేస్తే కూర్చోవాలనిపించేది. అత్తమ్మ నేల ఉసిరి నూరి పొద్దున్నే మజ్జిగలో పోసింది, ఉప్పూ కారం లేని పత్యం పెట్టింది. పచ్చదనం తగ్గింది కానీ ముఖం తగ్గలేదు. అప్పటికే వీధిలో ఒక మాట తిరుగుతోంది. నా ముందు ఎవరూ అనలేదు, కానీ మేం వస్తుంటే ఆగిపోయే మాట ఏమిటో తెలియదా? పెద్దరోగం.

కుష్ఠు అంటే మాటలు కాదు. ఉద్యోగం ఉండదు. ఇల్లు ఖాళీ చేయమంటారు. ఊరవతల ఆ రోగుల దవాఖానాకు పంపిస్తారు. రూతు ఒక్కతే తల్లితో ఎక్కడుండాలి? ఇవన్నీ మంచం మీద పడుకుని లెక్కపెట్టేవాణ్ణి. భయంగా ఉండేది. భయమని ఒప్పుకోలేక కోపం తెచ్చుకునేవాణ్ణి.

ఆ కోపంలోనే ఒక పొద్దున గూట్లో గ్లాసులు చూశాను. ఒక ఇత్తడి గ్లాసు మెడకు ఎర్రదారం కట్టి ఉంది.

"నా గ్లాసుకు గుర్తు పెట్టినవా?" అని రూతు మీద అరిచాను. "నువ్వు సుత మొదలుపెట్టినవా?"

"నేను కట్టలే," అంది ఆమె. "నేనెందుకు కడ్తా?"

"మరి ఎవరు కట్టిండ్రు, గాలికి వచ్చి చుట్టుకున్నదా?"

అత్తమ్మ పొయ్యి దగ్గర కూర్చుని ఊదుతూనే ఉంది. ఆ రోజు నుంచి మొండితనంతో నేను ఆ దారం గ్లాసులోనే నీళ్ళు తాగాను. ఎవరైనా వేరే గ్లాసు ఇస్తే పక్కన పెట్టి, ఎర్రదారం గ్లాసు తీసుకుని అందరూ చూస్తుండగా తాగేవాణ్ణి. రూతు ఏడ్చేది.

అంతకన్నా పెద్ద దెబ్బ గుడి నుంచి వచ్చింది. మా గుడిలో నెలకొకసారి ప్రభు భోజన సంస్కారం ఇస్తారు. ఒకే వెండి గిన్నె. అందులోని ద్రాక్షారసం ఒకరి తర్వాత ఒకరం మోకరించి, గిన్నె నోటికి ఆనించుకుని తాగుతాం. మా తాతలు ఊళ్ళో దోసిలి పడితే పైనుంచి పోసిన నీళ్ళు తాగినవాళ్ళు. చెంబు వాళ్ళ పెదవికి తగలనిచ్చినవాళ్ళు లేరు. అందుకే ఆ ఒక్క గిన్నె అంటే మా వాళ్ళకు అంత ప్రాణం. అయ్యగారు, అంటే మా పాస్టరు, కృష్ణా జిల్లా నుంచి వచ్చిన మనిషి, మెత్తనివాడు. మా గుమ్మంలో నిలబడి చేతులు నలుపుకున్నాడు.

"ఏమీ అనుకోకండి మాస్టారూ. డాక్టరుగారు సంగతేంటో తేల్చేదాకా గిన్నె దగ్గరికి రాకండి. రొట్టె నేనే ఇంటికి తెచ్చి ఇస్తాను."

 ఆయన వెళ్ళాక, లేచి చొక్కా వేసుకున్నాను. పెద్దరోగమైతే పెద్దరోగమే, కాకపోతే కాదు, ఏదో ఒకటి తేలాలి. తేల్చకుండా మూలన పడి ఉండను అనుకున్నాను.

పెద్ద దవాఖానాలో పెద్దరోగం చూసే విభాగం వరండా చివర ఉంటుంది. బెంచీ మీద కూర్చోగానే పక్కనున్న ఇద్దరు జరిగారు, తర్వాత లేచిపోయారు. రెండో చివర ఒక ముసలాయన ఉన్నాడు. వేళ్ళకు గుడ్డలు చుట్టి ఉన్నాయి, కొన్ని వేళ్ళు సగమే ఉన్నాయి. ఆయన మాత్రం జరిగి నాకు చోటిచ్చాడు.

"ఈడికి రా అన్నా, నీడున్నది. ఫికర్ చెయ్యకు, ఈడ అందరం మనోళ్ళమే."

ఒళ్ళో పొట్లం విప్పి వేయించిన శనగలు నా వైపు పట్టాడు. నాకు ఆకలిగానే ఉంది. "వద్దు, ఇప్పుడే తిని వచ్చాను," అన్నాను. ఆయన నా ముఖం చూసి, పొట్లం మెల్లగా వెనక్కి తీసుకున్నాడు.

"సరే అన్నా. నాకు ఎరుకే," అన్నాడు.

నాకు గిన్నె ఇవ్వలేదని మండిపడుతూ వచ్చినవాణ్ణి నేను. సిగ్గుతో చచ్చిపోయాను. అయినా చేయి చాచలేకపోయాను.

డాక్టరు సాబ్ నన్ను కళ్ళు మూసుకోమని, చెంపల మీద, మెడ మీద, చేతుల మీద సూదితో పొడిచారు. పెద్దరోగం ఉన్నచోట సూది పోటు తెలియదంటారు. నేను ప్రతి పోటుకూ చెప్పాను. ఎప్పుడూ నొప్పిని అంత ఇష్టంగా లెక్కపెట్టలేదు.

"స్పర్శ ఉన్నది. మంచి సంగతే మాస్టర్ సాబ్," అన్నారు. "లేకిన్ గిది ఏందో నాకు అర్థమైతలేదు. ఇంట్ల ఇంకెవరికైనా ఉన్నదా?"

"లేదండీ."

"దసరా అయినంక మళ్ళ రాండి. అప్పటిదాంక జర దూరం దూరంగ ఉండుండ్రి."

అంటే ఔననీ కాదు, కాదనీ కాదు. ఆ రెండు నెలలు ఎలా గడిచాయో రాయలేను. షెడ్డుకు తాళం పడింది. రూతు, నేను అవసరమైతేనే మాట్లాడుకున్నాం. అత్తమ్మ ఎందుకో కుంటడం ఎక్కువైంది. ముసలితనం అనుకున్నాను.

దసరాకు మల్లయ్య ఎద్దులను కడిగి కొమ్ములకు రంగు వేస్తున్నాడు. ఉన్నట్టుండి మా గుమ్మం ముందుకు వచ్చాడు. ఎన్నడూ లేనిది, దూరంగా నిలబడి పిలిచాడు.

"సారూ, తప్పు పట్టకుండ్రి. మీ రోగం నా ఎద్దుకు అంటింది."

"ఏమన్నవు?" అని లేచాను.

"పెద్దెద్దు మెడ మీద ఎంటికలు ఊడినయి. నల్లటి మొటిమలు లేచినయి. మీ మొకం మీద ఉన్నయి చూడుండ్రి, అచ్చం గసొంటియే. ఎవనికన్న చెప్తె నవ్వుతరు. ఎద్దుకు పెద్దరోగం వస్తదా సారూ?"

కొట్టడానికి లేచినవాణ్ణి అక్కడే ఆగిపోయాను. ఎద్దుకు పెద్దరోగం రాదు. తోటలోకి వెళ్ళి చూశాను. కాడి ఒరుసుకునే చోట, అరచేయంత మేర, నా చెంపే ఎద్దు మెడ మీద ఉంది. మిగతా ఒళ్ళంతా నున్నగా ఉంది.

"ఈ పుండుకు ఏం రాసినవు మల్లయ్యా?"

"ఏమున్నది, మీ అత్తమ్మ ఇచ్చిన చలువ నూనె. ఎండకాలం సంది రోజూ రాస్తున్న."

ఇంట్లోకి వచ్చేసరికి అత్తమ్మకు మా మాటలు వినబడే ఉన్నాయి. నా ముందు ఎన్నడూ కొంగు కూడా జారనివ్వని మనిషి, చీర కుచ్చెళ్ళు పైకి లాగి మోకాళ్ళు చూపించింది. రెండు చిప్పల మీదా అవే నల్లటి మొటిమలు, పగిలి మానిన మచ్చలు.

"నొప్పులకు రోజూ రాసుకున్న బిడ్డా. మంచిగున్నదని గుడి కాడ అడిగినోళ్ళకు సీసాల పోసి ఇచ్చిన. ఇవి లేస్తే నీ రోగమే అంటిందనుకున్న. చెప్తే ఇద్దర్ని ఎల్లగొడ్తరు, రూతు ఒక్కతే అయితదని నోరు మూసుకున్న." గూటి వైపు చూపించింది. "ఆ దారం నీ గ్లాసుకు కాదు కొడుకా. నా గ్లాసుకు నేనే కట్టుకున్న, మీరెవరు తాగొద్దని. నువ్వేమో రోజూ అండ్లనే తాగవడ్తివి. వద్దని ఎట్ల చెప్పాలె?"

రూతు గోడకానుకుని కూర్చుండిపోయింది. నేను నేల మీద కూర్చున్నాను. ఏడుపు వచ్చింది, దాచలేదు. పెద్దరోగం కాదన్న సంతోషమూ, మూడు నెలలు రూతును ఏడిపించిన సిగ్గూ రెండూ ఒకేసారి వచ్చాయి.

మర్నాడే సీసా పట్టుకుని దవాఖానాకు వెళ్ళాను. ఎద్దు సంగతి వినగానే డాక్టరు సాబ్ కుర్చీలో వెనక్కి వాలి నవ్వారు. "వాహ్! డాక్టరుకు దొరకనిది ఎద్దు పట్టిచ్చింది." తర్వాత సీసా మూత తీసి వాసన చూసి, నవ్వు ఆపేశారు. వేరే దేశాల్లో కరెంటు సామాను చేసే కార్ఖానా కూలీలకు ఇలాంటి నూనెలతో ఇలాంటి మొటిమలు, కామెర్లు వస్తాయని ఎక్కడో చదివానన్నారు.

"మందు ఏం లేదు. నూనె ముట్టుకోవద్దు. సబ్బు, సబర్, గంతే. ఓపిక పట్టాలె, ఏడాది పడ్తది, రెండేండ్లు సుత పట్టొచ్చు." కుష్ఠు కాదని చీటీ రాసిచ్చారు. బయటికి వచ్చి శనగల ముసలాయన కోసం వరండా అంతా వెతికాను. లేడు. ఆయన కూర్చున్న చివరనే కాసేపు కూర్చుని వచ్చాను.

తర్వాతి సంగతి ఇక్కడే చెప్పేస్తాను. నాకు మూడేళ్ళు పట్టింది. ఎద్దుకు వేసవికల్లా వెంట్రుకలు వచ్చాయి, అది నాకన్నా ముందు కోలుకుంది. ఆ నూనె డబ్బాలకు మూతలు సీసం పోసి అతికి, పైన పుర్రె బొమ్మ వేసి, ఎవరికీ అందని చోట పెట్టాను. ట్రాన్స్‌ఫార్మర్లను మానలేదు. మానితే ఓడిపోయినట్టు నాకు. ఇప్పుడు ఏ పెట్టె వచ్చినా అందులో ఏ నూనె ఉందో తెలియనిదే మూత తీయను, తెలియకపోతే వచ్చిన దారినే పంపిస్తాను. ముందు రూతును పిలిచి గడప దగ్గర నిలబెడతాను. ఆమె ముక్కు చిట్లిస్తే ఇక దాని జోలికి పోను. మూరెడు మెరుపు ఇంకా రాలేదు, జానెడు వచ్చింది.

ఇక మిగిలింది ఆ ఆదివారం. దసరా అయ్యాక మొదట వచ్చిన సంస్కారపు ఆదివారం. అయ్యగారు చీటీ చూసి కళ్ళ నీళ్ళు పెట్టుకున్నారు.

"ఇది నేను చదివి వినిపిస్తానండీ, సరిపోతుంది. నూనె సంగతి ఎందుకు మాస్టారూ? మీరే పంచిపెట్టారని మీ మీద పడతారు."

నాకూ అదే భయం. చీటీతో నా ముఖం తేటపడుతుంది. కానీ అత్తమ్మ పోసిచ్చిన సీసాలు ఇంకా ఎన్ని ఇళ్ళ గూళ్ళలో ఉన్నాయో. నాతో నడిచి వస్తున్న రూతు గుడి మెట్ల దగ్గర ఆగింది.

"అగ్గిపుల్ల గీసి చూపెట్టిన కాడనే నిలబడి చెప్పుండ్రి," అంది.

చెప్పాను. ఈ రోగం ఒకరి నుంచి ఒకరికి అంటేది కాదని, ఆ నూనె వల్ల వచ్చిందని, అది చలువ అని నమ్మి నేనే రాసుకున్నానని, నేను చూపించడం వల్లే మీరూ నమ్మారని చెప్పాను. వెనక నుంచి ఒకాయన లేచాడు. ఆయన కూతురి మెడ మీద అవే మొటిమలట.

"సైన్సు సారువు గదా నువ్వు! నీకే తెల్వకపోతే మాకేం తెలుస్తది?"

 తప్పేనని చేతులు జోడించాను. అప్పుడు ఆడవాళ్ళ వైపు నుంచి అత్తమ్మ లేచింది. "సీసాల పోసి ఇచ్చింది నేను. అరిస్తే నా మీద అరువుండ్రి," అని, ఆ గుడిలో, అంతమంది ముందు, చీర మోకాళ్ళ దాకా ఎత్తి నిలబడింది.  "ఒక్క చుక్క మిగిలినా రేపు నాకే తెచ్చియ్యుండ్రి," అని కూర్చుంది.

సంస్కారం మొదలైంది. చీటీ విన్నారు, నా మాటా విన్నారు, అయినా అందరి చూపులూ నా ముఖం మీదే తచ్చాడుతున్నాయి. వాళ్ళను తప్పుపట్టలేదు. శనగల పొట్లం ముందు నేను చేసిందీ అదే. "అయ్యగారూ, నేను అందరికన్నా ఆఖరున వస్తాను," అన్నాను. వరసలు వరసలుగా వచ్చారు, తాగారు, వెళ్ళారు. చివరికి నేనొక్కణ్ణే వెళ్ళి మోకరించాను. మూడు నెలల తర్వాత వెండి అంచు పెదవికి తగిలింది. తాగి తలవంచుకున్నాను.

భుజం మీద ఒక చెయ్యి పడింది.

"జర జరుగు కొడుకా," అని అత్తమ్మ నా భుజం ఆసరాగా పట్టుకుని, ఆ పుండ్ల మోకాళ్ళ మీదే నా పక్కన మోకరించింది. "నాకింక ఇయ్యలే అయ్యగారూ. ఆఖరుకు నేనున్న."

అయ్యగారు అలవాటుగా గిన్నె అంచు తుడవడానికి గుడ్డ తీశారు.

"తుడవకుండ్రి," అంది అత్తమ్మ. "మూన్నెల్ల సంది నా గ్లాసుల ఈయన తాగిండు."

గిన్నె రెండు చేతులతో అందుకుని, నేను తాగిన వైపే తిప్పుకుని తాగింది.